గురి ఖరీదు

కోలారు సీమలో, ఇప్పటి బంగారుపేట తాలూకా బూదికోటలో, 1720 ప్రాంతంలో హైదరలీ పుట్టాడు. తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారు పట్టణంలో ఉంది. బూదికోటలో నాయక్‌గా ఉన్నప్పుడు ఆయన చేతికింద యాభైమంది రాకెట్ భటులు ఉండేవారని చరిత్రకారులు రాస్తారు. ఇక నేటికి వస్తే, అదే సీమలో, 2001లో బంగారు గనులు మూతపడ్డ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌ (కేజీఎఫ్)లో ఇంకా పొగ ఆరని పెద్ద కర్మాగారం బీఈఎంఎల్‌ది. మన సైన్యం పినాక రాకెట్ దళాలకు బళ్ళు సమకూర్చేది ఆ సంస్థే. ఆరు పినాక రెజిమెంట్ల కోసం 2020 ఆగస్టులో రక్షణ శాఖ సుమారు 2,580 కోట్ల రూపాయలకు ఒప్పందాలు చేసుకుంటే, అందులో 330 వాహనాల పని బీఈఎంఎల్ వంతుకు వచ్చింది. బూదికోట భటులకూ పినాకకూ మధ్య మూడు వందల ఏళ్ళ దూరం. ఈ మూడు వందల ఏళ్ళలో రాకెట్టు పోయే దూరం పెరిగింది, పేలుడు పెరిగింది. అయినా ఇవాళ ప్రపంచంలో సైన్యాలు ఎగబడి కొంటున్నది గురిని. ఎందుకని అడిగితే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి: అమాయకులు చావకూడదన్న జాలి ఒకటి, కొత్త సాంకేతికత మీద మోజు ఇంకొకటి. రెంటిలోనూ కొంత నిజం లేకపోలేదు కానీ, గిరాకీని నడిపేది మాత్రం మోత లెక్క, అంటే లక్ష్యాన్ని కూల్చడానికి ఎంత బరువు మోసుకెళ్ళాలన్న లెక్క. ఆ బరువు దిగిన మరుక్షణం ఇంకోచోట ఇంకో బరువు నెత్తికెక్కుతుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ముందు హైదరలీ కాలపు మైసూరు రాకెట్టును దగ్గరగా చూద్దాం. సుత్తితో సాగగొట్టిన మెత్తని ఇనుప గొట్టం, సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 4 నుంచి 7 సెంటీమీటర్ల వ్యాసం, ఒక కొస మూసి ఉంటుంది. లోపల దట్టించేది తుపాకి మందు, ఉజ్జాయింపుగా అర కిలో. ఆ గొట్టాన్ని నాలుగడుగుల వెదురు కర్రకు తోలు వారులతో బిగించి కట్టేవారు. ఐరోపాలో అప్పటికి రాకెట్లంటే అట్ట గొట్టాలే. అట్ట చీలిపోయే పీడనాన్ని ఇనుము తట్టుకుంటుంది, లోపల పీడనం ఎక్కువైన కొద్దీ వాయువులు మరింత వేగంగా వెనక్కి తన్నుకొస్తాయి. అందుకే ఇవి కిలోమీటరు దాటేవి, కొన్ని రెండు కిలోమీటర్ల దాకా పోయేవి. ఈ ఇనుము కీలకాన్ని ఇంజనీరు కళ్ళతో చూసి వివరించినవాడు రొద్దం నరసింహ. ఇంటిపేరే చెబుతున్నట్టు ఆయన పూర్వీకులది అనంతపురం సీమ. బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలలో ఉండగా మైసూరు, బ్రిటన్ రాకెట్ల మీద 1985లో ఆయన రాసిన పత్రం ఈ విషయంలో ఇప్పటికీ ముందు చదవవలసిన రచన. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర మైసూరు సేనతో పోరులో ఇంగ్లీషు కల్నల్ బెయిలీ సేన మందుగుండు బళ్ళు పేలి చిత్తయినప్పుడు ఆ నిప్పు రాకెట్లదేనని చాలామంది నమ్మకం. 1799లో మైసూరు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువాళ్ళకు 600 లాంచర్లు, వాడకానికి సిద్ధంగా 700 రాకెట్లు, 9,000 ఖాళీ గొట్టాలు చిక్కాయంటారు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఎండిపోయిన బావి పూడిక తీస్తే ఇంకో వెయ్యికి పైగా బయటపడ్డాయి. వేలకు వేలు చేసి పోగుపెట్టడం మైసూరు పాలకుల ఆడంబరం కాదు. గురిలేని ఆయుధానికి అంతకంటే వేరే దారి లేదు.

గురి ఎందుకు లేదో అర్థం కావాలంటే ఫిరంగి గుండుకూ రాకెట్టుకూ తేడా తెలియాలి. గుండు తన వేగమంతా గొట్టం లోపలే సంపాదించుకుంటుంది, బయటికొచ్చాక దాన్ని తోసేది ఏదీ ఉండదు. రాకెట్టు బయటికొచ్చాక కూడా మండుతూనే, తనను తాను తోసుకుంటూనే ఉంటుంది. తోపు సరిగ్గా దాని నడుమ గుండా పోకుండా వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా ముక్కు తిరుగుతుంది, తిరిగిన దిక్కుకే మిగతా తోపంతా పోతుంది. కర్రో, రెక్కలో దాన్ని సరిదిద్దాలంటే వాటి మీదుగా గాలి జోరుగా పారాలి. కానీ బయల్దేరే క్షణంలో రాకెట్టు వేగం చాలా తక్కువ. దీపావళికి సీసాలో నిలబెట్టిన తారాజువ్వ మొదటి మూరెడు దూరంలోనే పక్కింటి డాబా వైపు తల తిప్పేది ఇందుకే. అడ్డగాలి చేసే పని ఇంకా వింత. గాలి తోక రెక్కలను తోస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది, మోటారు దాన్ని అటే నడిపిస్తుంది. అంటే మండుతున్నంతసేపూ రాకెట్టు గాలివాలుకు కొట్టుకుపోదు, గాలికి ఎదురెక్కుతుంది. బయల్దేరిన కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే రెండు కిలోమీటర్ల దూరంలో 35 మీటర్లు పక్కకు పడుతుంది. ఆ తేడా గుర్రపు దండు మీద వేసినప్పుడు పెద్ద లెక్కలోది కాదు. అదే డిగ్రీ తేడా నలభై కిలోమీటర్ల దూరంలో 700 మీటర్లవుతుంది. దూరం పెంచుకున్న ప్రతి తరమూ గురి సమస్యను కూడా పెంచుకుంటూ వచ్చిందన్నమాట.

మైసూరు రాకెట్లను చూసి ఊలిచ్ ఆయుధశాలలో విలియం కాంగ్రీవ్ చేసిన రాకెట్లకూ ఈ జబ్బే. 1807లో ఇంగ్లీషువాళ్ళు వాటిని కోపెన్‌హేగన్ నగరం మీద కురిపించి తగలబెట్టారు. నగరం తగిలింది, ఎందుకంటే నగరం చాలా పెద్దది. 1814లో బాల్టిమోర్ రేవు దగ్గర మెక్‌హెన్రీ కోట మీద ఇరవై అయిదు గంటల పాటు బాంబులూ రాకెట్లూ వేస్తే లోపల చనిపోయినవాళ్ళు నలుగురు. గురిలేని ఆయుధం తన తప్పుకు సరిపోయేంత పెద్ద లక్ష్యాన్నే వెతుక్కుంటుంది, ఆ లక్ష్యం చాలాసార్లు ఊరే అవుతుంది. 1844లో విలియం హేల్ కర్ర తీసేసి రాకెట్టును గిర్రున తిప్పుతూ పంపే ఉపాయం కనిపెట్టినా, మర గొట్టాల ఫిరంగులు అంతలో ముందుకు దూసుకుపోయాయి. బ్రిటిష్ సైన్యం రాకెట్లను చాలావరకు పక్కన పెట్టేసింది.

ఇప్పుడు మోత లెక్క చూద్దాం. ఆయుధ నిపుణులు గురిని ఒక వలయంతో కొలుస్తారు. ఒకే చోటికి గురిపెట్టి చాలా గుళ్ళు వేస్తే, వాటిలో సగం పడే వలయం వ్యాసార్థమే ఆ ఆయుధం గురి. ఒక కాంక్రీటు బంకరు ఉందనుకుందాం, గుండు దానికి 10 మీటర్ల లోపల పడితేనే అది కూలుతుందనుకుందాం. గుళ్ళు మామూలు గణాంక పద్ధతిలోనే చెదురుతాయనుకుని, తొంభై శాతం భరోసాతో ఆ బంకరును కూల్చాలంటే ఎన్ని కావాలి? వలయం 300 మీటర్లదైతే దాదాపు 3,000. అది 100 మీటర్లకు తగ్గితే 332, 30 మీటర్లకు తగ్గితే 30, 10 మీటర్లైతే నాలుగు. 5 మీటర్లకు దిగితే ఒక్కటి చాలు. గురి మూడింతలు బాగుపడితే గుళ్ళు మూడింతలు తగ్గవు, తొమ్మిదింతలు తగ్గుతాయి. ఎందుకంటే చెదిరేది గీత మీద కాదు, వైశాల్యం మీద. గట్టి లక్ష్యాల విషయంలో పేలుడును పెంచి ఇదే ఫలితం రాబట్టాలంటే ఇంకా కష్టం. గురిలో తప్పును సగానికి తగ్గించడం పేలుడు శక్తిని ఎనిమిది రెట్లు పెంచడంతో సమానమని అణుక్షిపణుల కాలంలోనే లెక్కగట్టారు. ఇప్పుడు ఈ అంకెలను లారీల్లోకి ఎక్కించండి. పినాక రాకెట్టు ఒక్కోటి దాదాపు 280 కిలోలు. 332 రాకెట్లంటే 93 టన్నులు, పన్నెండు గొట్టాల లాంచర్లు ఇరవై ఎనిమిది నిండుతాయి. ముప్పై రాకెట్లంటే దాదాపు ఎనిమిదిన్నర టన్నులు, మూడు లాంచర్లు చాలు. తక్కిన ఇరవై అయిదింటిని కొండదారుల్లో నడిపే డ్రైవర్లు, డీజిలు, వాటికి కాపలా, శత్రువు కంట పడే ప్రమాదం, అన్నీ మిగులుతాయి. గురి గల రాకెట్టు ఖరీదు మామూలు దానికి అయిదింతలున్నా, లెక్క గురి వైపే తూగుతుంది.

ఇది కాగితం లెక్క కదా అనేవాళ్ళకు వియత్నాంలోని తాన్‌హోవా వంతెన జవాబు. 1965 నుంచి అమెరికా విమానాలు దాని మీద ఎనిమిది వందలకు పైగా దాడులు చేశాయి, పదకొండు విమానాలు పోగొట్టుకున్నాయి. వంతెన మాత్రం నిలిచే ఉంది. చిన్న పేలుడు మొన ఉన్న బుల్‌పప్ క్షిపణులు తగిలినా ఆ ఉక్కు కదల్లేదు. అంటే గురి ఒక్కటే చాలదు, తగినంత బరువైన దెబ్బకు గురి తోడవ్వాలి. 1972 మే 13న లేజర్ వెలుగును పట్టుకుని వెళ్ళే పెద్ద బాంబులతో ఒకే రోజు దాడిలో ఆ వంతెన పడిపోయింది. మనకు దగ్గరి ఉదాహరణ కార్గిల్. కత్తి అంచులాంటి శిఖరం మీద ఉన్న బంకరుకు వేసిన బాంబు కొద్ది మీటర్లు దాటితే అవతలి లోయలో, ఎక్కడో కింద పడుతుంది. అక్కడ తప్పిన దెబ్బకు పాక్షిక ఫలితం కూడా ఉండదు. 1999 జూన్ 24న మిరాజ్ విమానాలు టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వాడింది అందుకే. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా వేసిన బాంబుల్లో గురి గలవి పదోవంతు కూడా లేవు. 2003 ఇరాక్ యుద్ధం నాటికి అవి మూడింట రెండు వంతులయ్యాయి. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ సేనాపతులకు హఠాత్తుగా జాలి పుట్టుకొచ్చిందని నమ్మడం కష్టం.

మరి రాకెట్టుకు గురి ఎలా వస్తుంది? గైడెడ్ పినాకనే తీసుకుంటే, ముక్కు దగ్గర చిన్న కదిలే రెక్కలు, వాటి వెనక ఒక కంప్యూటరు, జైరోస్కోపులు, త్వరణాన్ని కొలిచే పరికరాలు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రిసీవరు ఉంటాయి. జైరోస్కోపు రాకెట్టు ఎటు తిరిగి ఉందో చెబుతుంది, త్వరణ పరికరం ఎంత తోపు పడుతోందో చెబుతుంది. తోపు తెలిస్తే వేగం, వేగం తెలిస్తే స్థానం లెక్కకట్టవచ్చు. చిక్కు ఎక్కడుందంటే, కొలతలో ఉన్న చిన్న తప్పు కూడా కాలం వర్గంతో పెరుగుతుంది. భూమి ఆకర్షణలో వెయ్యోవంతు తప్పున్న పరికరం వంద సెకన్ల ప్రయాణంలో దాదాపు 50 మీటర్లు తప్పు చెబుతుంది, రెండు వందల సెకన్లలో 200 మీటర్లు. ఆ తప్పును మధ్యమధ్య దిద్దడానికే ఉపగ్రహ సంకేతం. ఈ పరికరాల విలువ మన దేశానికి చేదుగానే తెలిసింది. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1987లో సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికతను బయటికి పోనీకుండా కట్టడి పెట్టుకున్నాయి. ఇంధనం మనవాళ్ళు ఎలాగో చేసుకోగలరు, నాణ్యమైన జైరోస్కోపులు, వేగంగా లెక్కకట్టే చిప్పులే దొరకలేదు. హైదరాబాదులో 1988లో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ పుట్టింది ప్రధానంగా ఈ లోటు పూడ్చడానికే. దశాబ్దాల తర్వాత పుణెలోని ఆయుధ పరిశోధనశాల తయారుచేసిన పినాకకు దారి చూపే సరంజామా వెళ్ళింది అక్కడి నుంచే. మొదటి పినాక పోయేది నలభై కిలోమీటర్ల లోపే, గైడెడ్ రకం 75 దాకా పోతుంది. 2017లో మొదలైన దాని పరీక్షలు 2024 నవంబరు దాకా సాగాయి.

దిగిన బరువు మళ్ళీ ఎక్కేది ఇక్కడే. ఉపగ్రహ స్థాననిర్దేశం నిజానికి గడియారాల వ్యవహారం. సంకేతం ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు అందింది అన్న తేడాతోనే దూరం లెక్క. కాలంలో మైక్రోసెకను తప్పితే స్థానం 300 మీటర్లు తప్పుతుంది. అమెరికా జీపీఎస్ 2000 మే నెల మొదలయ్యే దాకా పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది, వంద మీటర్ల వరకు తప్పుతో. కార్గిల్ యుద్ధమప్పుడు మనకు అందుబాటులో ఉన్నది ఆ సంకేతమే. ఇంకొకరి గడియారం మీద ఆధారపడ్డ గురి వాళ్ళు తలచుకున్నంతసేపే గురి. అందుకే మన సొంత స్థాననిర్దేశ ఉపగ్రహాల వ్యవస్థ నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో ఎగిరింది. మూడేళ్ళు తిరిగాక అందులోని మూడు రుబీడియం గడియారాలూ, విదేశాల నుంచి తెచ్చినవి, ఆగిపోయాయి. బదులుగా 2017లో పంపిన ఉపగ్రహం రాకెట్టు తల కవచం విడిపోక వృథా అయింది. మన దేశంలో చేసిన అణు గడియారం 2023 మేలో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో తొలిసారి కక్ష్యకు చేరింది. 2025 జనవరిలో వెళ్ళిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ తేదీల్లో ఏదీ క్షిపణి చరిత్రల్లో కనబడదు. అయినా మన క్షిపణుల గురిని ఇవి చాలావరకు నిర్ణయిస్తాయి. శత్రువు సంకేతాన్ని రొదతో ముంచేయడం ఇంకో సంగతి. జీపీఎస్ మీద ఆధారపడ్డ ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుళ్ళు ఉక్రెయిన్‌లో రష్యా జామింగ్‌కు చిక్కి బాగా గురి తప్పుతున్నాయని 2024లో వార్తలొచ్చాయి. సంకేతం పోయినా పరవాలేదనేంత మంచి జైరోస్కోపు ఉన్నవాడిదే అప్పుడు పైచేయి.

గురి పెరిగితే అమాయకుల చావులు తగ్గుతాయి కదా, దాన్ని మోత లెక్కకు దించడం అన్యాయం అని ఒకరు అనవచ్చు. కోపెన్‌హేగన్ గతి పట్టే ఊళ్ళు తగ్గుతాయన్నది నిజమే. కానీ వలయం ఎంత చిన్నదైనా అది గురిపెట్టిన బిందువు చుట్టూనే ఉంటుంది. ఆ బిందువు తప్పైతే క్షిపణికి తెలియదు. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాదులో అమీరియా ఆశ్రయాన్ని లేజర్ బాంబులు ఇంచు తప్పకుండా కొట్టాయి. లోపల తలదాచుకున్న పౌరులు నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లో చైనా రాయబార కార్యాలయం మీద పడ్డ బాంబులు కూడా పెట్టిన గురికే తగిలాయి. పాత పటాల వల్ల జరిగిన పొరపాటని అమెరికా చెప్పింది, చైనా ఒప్పుకోలేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు, ముగ్గురు అధికారుల ఉద్యోగాలు పోయాయి. ఈ మూడు చోట్లా యంత్రం తన పని తాను చేసింది, తప్పిపోయింది దాని ముందున్న మనుషుల పని. చెదిరే తప్పును గుళ్ళ సంఖ్య పెంచి పూడ్చుకోవచ్చు, చిరునామా తప్పును ఎన్ని గుళ్ళు వేసినా పూడ్చలేం. పైగా ఒక్క క్షిపణి చాలని తెలిస్తే దాన్ని వదలడానికి వెనకాడే చేయి కూడా తొందరపడుతుందేమోనన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు.

ఇంకొక అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఉక్రెయిన్ యుద్ధంలో రోజుకు వేల ఫిరంగి గుళ్ళు ఖర్చవుతుంటే, చవక డ్రోన్లు గుంపులుగా ఎగురుతుంటే, ఇక గురి గల ఖరీదైన క్షిపణుల కాలం చెల్లినట్టే కదా అని. ఈ వాదనలో ఒక పొరపాటుంది. ఇవాళ్టి చవక డ్రోను గురిలేని ఆయుధం కాదు. చవకైనది దాని కెమెరా, దాని చిప్పు, దాని రిసీవరు. గురి ధర పడిపోవడం వల్లే అది గుంపులుగా ఎగరగలుగుతోంది. ఇది గురికి గిరాకీ తగ్గిన గుర్తు కాదు. మిగిలిన సగం వాదన మాత్రం నిజం. కందకాల్లో దాక్కున్న దళాన్ని తల ఎత్తనివ్వకుండా ఉంచాలంటే ఒక బిందువు చాలదు, పొలమంతా కావాలి. ఆరు లాంచర్ల పినాక బ్యాటరీ 44 సెకన్లలో 72 రాకెట్లు వదులుతుంది. అక్కడ కొంచెం చెదరడమే ఉపయోగం. 332 అంకె బంకరుకే గానీ పొలానికి కాదు. అందుకే గురి గల ఆయుధం పాత దాన్ని తోసేయలేదు, పనిని దానితో పంచుకుంది. రక్షణ శాఖ కొనుగోళ్ళలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గైడెడ్ పినాక పరీక్షలు ముగిసిన మూడు నెలలకే, 2025 ఫిబ్రవరి 6న, పినాక కోసం 10,147 కోట్ల రూపాయల ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి. ఎకనామిక్ ఎక్స్‌ప్లోజివ్స్ సంస్థతో ఒకటి, మ్యూనిషన్స్ ఇండియాతో ఒకటి. ఆ రెండు సంస్థలూ ఇచ్చే రెండు రకాల రాకెట్లకూ దారి దిద్దుకునే రెక్కలు లేవు. మూడో ఒప్పందం భారత్ ఎలక్ట్రానిక్స్‌తో, ఫిరంగి దళాలకు లక్ష్యాలు పంచి ఎవరు ఎక్కడ కొట్టాలో లెక్కకట్టే ‘శక్తి’ సాఫ్ట్‌వేరును మెరుగుపరచడానికి.